జులై ఒకటి కాని పిల్ల

17 జనవరి 1954, ఆదివారం

చర్చి నుంచి వచ్చి పడుకున్నాను కానీ నిద్ర పట్టలేదు. కిటికీ మూసినా బెల్లం వాసన ఆగదు. ఈ రోజుల్లో చోడవరం చుట్టూ ఎటు చూసినా బెల్లం పొయ్యిలు మండుతూనే ఉంటాయి. పొద్దున్న మంచు, ఆ మంచులోకి పొగ. బడికి వెళ్లే దారిలో నా కాళ్లు నాకే కనిపించవు. నడుస్తున్నానో ఇంకా మంచం మీదే ఉన్నానో తెలియదు. నాకు ఈ నెల ఇష్టం. ఎవరి ముఖమూ దగ్గరకు వచ్చేదాకా తెలియదు కదా.

ఈ నోటుబుక్కు బడిదే. అడగకుండా తెచ్చుకున్నాను. ఇరవై ఏళ్లుగా పిల్లల తప్పులు దిద్దుతున్నాను. ఇందులో మాత్రం ఏదీ దిద్దను.

నిన్న సాయంత్రం బళ్లో మీటింగు. హెడ్మాస్టరు గణపతిరావుగారు ఇస్త్రీ పంచె కట్టుకొచ్చారు, అంటే పెద్ద విషయమే. జిల్లాలో బళ్లన్నింటి నుంచీ తెలివైన పిల్లల్ని ఏరి విశాఖపట్నంలో ఒక ప్రత్యేక తరగతి పెడతారట. హాస్టలు, పుస్తకాలు, బట్టలు అన్నీ వాళ్లే ఇస్తారు. ముందు ఒక పరీక్ష ఉంటుంది. పాఠాల మీద కాదు, బుర్ర మీద. మద్రాసులో ట్రైనింగయిన ఆఫీసరు వచ్చి పెడతాడు.

హెడ్మాస్టరుగారు బోర్డు మీద లెక్క వేసి చూపించారు. పిల్ల ఎన్నేళ్ల పిల్లలా జవాబులు రాస్తే అది బుద్ధి వయసు. దాన్ని అసలు వయసుతో భాగించి వందతో హెచ్చవేయాలి. "ఎనిమిదేళ్ల గుంటడు పదేళ్లవోడిలా రాసేడనుకోండి. నూట ఇరవై అయిదు. వాడికి సీటు. అంతకి తగ్గితే లేదు."

సత్యరాజుకి కోపం వచ్చింది. చీడికాడ ఊరి కుర్రాడు, మూడో తరగతి చెబుతాడు, మాకందరికీ చిన్నవాడు. "తెలివైనోళ్లని ఏరేస్తే మిగిలినోళ్లకి ఏటి మిగుల్తాది సార్? నా క్లాసులో వెనక బెంచీవోళ్లకి లెక్కలు చెప్పేది నేను కాదు, ముందు బెంచీవోళ్లు."

"విత్తనం చెరుకుని గానుగలో పెడతావేటయ్యా? పక్కన ఉంచుతావు."

"పక్కనుంచి మళ్లీ మా మడిలోనే పాతుతాం సార్. వైజాగు పట్టుకెళ్లి పాతం."

అందరూ నవ్వారు, హెడ్మాస్టరుగారు తప్ప. "ఏసురత్నంగారూ, మీరేటంటారు?" అని నా వైపు తిరిగారు. ఇద్దరూ చెప్పింది నిజమే అన్నాను. నేనెప్పుడూ అంతే. అందుకే ఇరవై ఏళ్లలో ఎవరితోనూ గొడవ లేదు, స్నేహమూ లేదు. అయినా అందరూ నన్నే ఎందుకు చూశారో నాకు తెలుసు. పరీక్షకి పంపదగ్గ పిల్ల ఎవరంటే బడి మొత్తానికి ఒకటే పేరు, ఆ పిల్ల నా తరగతిలో ఉంది.

19 జనవరి

పైడితల్లి. అయిదో తరగతి. తల్లి సన్యాసమ్మ బెల్లం పొయ్యిలోకి చెరుకు పిప్పి ఎగదోసే పనికి పోతుంది. తండ్రి లేడు. పిల్ల పొట్టిగా, పుల్లలా ఉంటుంది.

దాని తెలివి గురించి హెడ్మాస్టరుగారు ఎప్పుడూ లెక్కలే చెబుతారు. లెక్కలు చాలామందికి వస్తాయి. ఈరోజు యాభై రెండులోంచి ఇరవై ఎనిమిది తీసివేయమన్నాను. పలక మీద ఏమీ రాయకుండా కాసేపు కిటికీలోంచి చూసి జవాబు చెప్పింది. తర్వాత, "పరదేశి ముప్పై ఆరు అంటాడండి. ఆడు ఎప్పుడూ పెద్దంకెలోంచే చిన్నంకె తీసేస్తాడు, పైనున్నా కిందనున్నా" అంది. పరదేశి పలక ఎత్తి చూశాను. ముప్పై ఆరు! అది సరైన జవాబుతో పాటు తరగతిలో ఎవరు ఏ తప్పు చేస్తారో, ఎందుకు చేస్తారో కూడా చూడగలదు. నేను ట్రైనింగులో రెండేళ్లు కూర్చుని నేర్చుకోలేకపోయిన పని అది.

ఇప్పుడు దానికి పదేళ్లు నిండబోతున్నాయి. నలభై తొమ్మిది జులైలో నేనే చేర్చుకున్నాను. ఇక్కడ పుట్టిన తేదీలు ఎవరికి తెలుస్తాయి? కుడి చేతిని నెత్తి మీదుగా తిప్పి ఎడమ చెవిని అందుకోమంటాం. అందితే బడి ఈడు వచ్చినట్టు. వెనక్కి లెక్కేసి జులై ఒకటి అని రాసుకుంటాం. దానికి వేలికొస చెవికి తగిలీ తగలనట్టు తగిలింది. అయిదేళ్లే.

24 జనవరి, ఆదివారం

భోజనం చేసి ఒరిగితే కల వచ్చింది. మంచులో పిల్లలంతా వరసగా నిలబడ్డారు, ఒక్కొక్కరి చెయ్యీ నెత్తి మీద. ఆఖరి పిల్లకి చెవి అందడం లేదు. "ఇంకొంచెం చాపు, అందుతుంది" అంటున్నాను. చెయ్యి సాగింది. చెవి దాటింది, బడి గోడ దాటింది, చెరుకు తోట మీదుగా పోతూనే ఉంది. అందిందా అని అడిగితే నవ్వు వినిపించింది. ముఖం మాత్రం మంచులో తెలియలేదు. పసుపు గౌను, మెడ చుట్టూ తెల్ల లేసు. ఆ లేసు కుట్టింది నేనే.

పైడితల్లి ఎప్పుడూ గౌను వేసుకోలేదు. దానివి పరికిణీలే.

31 జనవరి

మంచు. చర్చికి వెళ్లలేదు.

3 ఫిబ్రవరి

పరీక్షకి పంపే పిల్లల పుట్టిన తేదీలు కావాలన్నారు. చేరిక రిజిస్టరు బరువు, పైడితల్లి చేత మోయించాను. ఆఫీసు గదికి చేరేలోపు అది తెరిచి చదివేసింది.

"టీచరమ్మా, మన క్లాసులో నలభై ముగ్గురం కదండీ. నలభై ఇద్దరు ఒక్క రోజే పుట్టేరండి, జులై ఒకటి."

"అవును."

"అంతమంది ఒక్క రోజే పుడితే మంత్రసానికి గంజి తాగడానికైనా ఖాళీ ఉండదు కదండీ?"

నవ్వేశాను. అది నవ్వలేదు. "నాకొక్కదానికే ఫిబ్రవరి పంతొమ్మిది ఏటండి?"

"మీ అమ్మ చెప్పింది."

నా వైపు చూసింది. పరదేశి పలకని చూసేటప్పుడు ఎలా చూస్తుందో అలాగే చూసింది. తర్వాత రిజిస్టరు మూసి నెత్తిన పెట్టుకుని నడిచింది.

12 ఫిబ్రవరి

ఆఫీసరు వచ్చాడు. సన్నగా, కళ్లజోడు, మాటకు ముందు దగ్గు. పిల్లలతో మర్యాదగా మాట్లాడాడు, అది నాకు నచ్చింది. రెండు కట్టలు తెచ్చాడు. పదేళ్లలోపు పిల్లలకి నీలం అట్ట పుస్తకం, పైవాళ్లకి గోధుమరంగు అట్ట పుస్తకం. పైడితల్లికి రిజిస్టరు ప్రకారం పదేళ్లు నిండడానికి వారం తక్కువ. నీలం ఇచ్చాడు.

గంట వ్యవధి. ఇరవై నిమిషాలకి పుస్తకం మూసి చేతులు కట్టుకుని పొగ వైపు చూస్తూ కూర్చుంది.

"అయిపోయిందా అమ్మా?"

"అయిపోయిందండి. ఇంకోటి ఉందా అండి?"

"నీ వయసుకి ఇంతే."

నేను గుమ్మంలో ఉన్నాను. ఇంటికి వచ్చేదాకా ఆ మాటే చెవిలో ఉంది. నీ వయసుకి ఇంతే.

19 ఫిబ్రవరి

ఫిబ్రవరి పంతొమ్మిది. కొత్త బెల్లంతో పరమాన్నం వండాను. తినలేక పక్కింటి అప్పలనరసమ్మకి గిన్నెతో ఇచ్చేశాను. "ఏటి టీచరుగారూ విశేషం?" అంది. ఏమీ లేదన్నాను.

26 ఫిబ్రవరి

నూట ముప్పై!

హెడ్మాస్టరుగారు ఆ కాగితం పట్టుకుని ప్రతి తరగతికీ వెళ్లారు. నీలం పుస్తకంలో ఒక్క తప్పూ లేదట. ఆ పుస్తకం పదమూడేళ్ల దగ్గర అయిపోతుంది కాబట్టి బుద్ధి వయసు పదమూడు. అసలు వయసు పది. మా బడి నుంచి ఇదొక్కతే. జూన్‌లో విశాఖపట్నం వెళ్లాలి.

సత్యరాజు ఒప్పుకోలేదు. "పిల్ల బాగుపడాలి, నేను కాదంటానా? ఈ పిల్ల పోతే ఆ నలభై రెండు మందికీ ఎవరు సార్? ఆళ్ల గురించి ఏ ఆఫీసరూ రాడు." హెడ్మాస్టరుగారు, "నువ్వున్నావు కదయ్యా, జీతం తీసుకుంటన్నావు కదా" అన్నారు. అప్పటి నుంచి ఇద్దరూ మాట్లాడుకోవడం లేదు, మధ్యలో మాటలు మోయడం నా పని అయింది.

బడి వదిలాక పైడితల్లి నా బల్ల దగ్గర నిలబడింది. హెడ్మాస్టరుగారు మళ్లీ బోర్డు మీద వేసిన లెక్క దానికి ఎవరూ చెప్పలేదు, చూసే పట్టేసింది. "కింద అంకె తక్కువైతే జవాబు పెరుగుద్ది కదండీ. అంటే వయసు తక్కువ రాసినోళ్లు తెలివైనోళ్లు అయిపోతారండి."

"ఎవరు తక్కువ రాస్తారే, వెర్రిదానా."

"ఏమోనండి" అంది. బల్ల మీది సుద్దముక్కలన్నీ డబ్బాలో పెట్టి వెళ్లిపోయింది.

2 మార్చి

హాస్టలు కాగితం మీద తల్లి వేలిముద్ర కావాలి. బెల్లం వండే చోటికి వెళ్లాను. మంచు ఇంకా విడలేదు. పెద్ద పెనంలో రసం ఉడుకుతోంది, ఆవిరిలో మనుషులు తేలుతున్నట్టు కనిపిస్తున్నారు. సన్యాసమ్మ పొయ్యి ముందు కూర్చుని పిప్పి ఎగదోస్తోంది. వేలిముద్ర వేసి, చేతులు తుడుచుకుని, తనంతట తనే మొదలుపెట్టింది.

"పోనీండమ్మా, ఎల్లనీండి. ఆ ఊర్నించి పారొచ్చిన పిల్లే కదా, మళ్లీ ఆ ఊరే ఎల్తాది."

ఏ ఊరన్నాను.

"ఇశాపట్నమేనమ్మా. మేం అప్పుడు హార్బరు కాడ పనిలో ఉండేవోళ్లం. సోమారం నాడు బాంబులు పడ్డాయి. ఊరూ వాడా పరుగే పరుగు. నేను నిండుసూలాల్ని, ఎడ్లబండిలో ఎక్కించేరు. సబ్బవరం దాటేక నొప్పులు. రోడ్డు పక్కన గోనెపట్టా అడ్డంకట్టేరు. గురువారం పొద్దున్న పుట్టింది. సోమారం బాంబు, గురువారం పిల్ల. ఎలాగ మర్సిపోతాను?"

జపానువాళ్ల బాంబులు పడిన రోజు ఈ జిల్లాలో ఎవరికి తెలియదు? నలభై రెండు ఏప్రిల్ ఆరు. అంటే తొమ్మిదిన పుట్టింది. నా తరగతిలో నలభై ముగ్గురు పిల్లల్లో పుట్టినరోజు నిజంగా తెలిసింది ఈ ఒక్క పిల్లకే.

"బళ్లో చేర్చిన రోజు నాకెందుకు చెప్పలేదు సన్యాసమ్మా?"

"మీరు అడగనేదు కదమ్మా. టీచరమ్మగోరు అడుగుతారని దారంతా సెప్పుకుంటా వచ్చేను. సోమారం, గురువారం, సబ్బవరం అని. మీరు తలెత్తనేదు. రాసేసుకున్నారు. మీకు తెలిసిపోయిందనుకున్నాను."

వేడి పాకం ఆకులో పెట్టి ఇచ్చింది. చల్లారేదాకా పట్టుకుని నిలబడ్డాను.

3 మార్చి

రాస్తాను. ఈ పుస్తకం ఎవరూ చదవరు కదా.

నా కూతురు మణి 1944 ఫిబ్రవరి 19న పుట్టింది. 1949 మే నెలలో టైఫాయిడ్ వచ్చింది, పదిహేడు రోజులు. జులైలో బళ్లో చేర్చాలనుకున్నాం, పసుపు గౌను అందుకే కుట్టాను. వాళ్ల నాన్న ఏజెన్సీలో కంపౌండరు. మణి పోయాక ఇక్కడికి రావడం మానేశాడు, తర్వాత ఉత్తరాలూ మానేశాడు.

ఆ జులైలో సెలవు పెట్టమన్నారు. పెట్టలేదు. రిజిస్టరు ముందు కూర్చుని వరసగా పిల్లల్ని చేర్చుకున్నాను. జులై ఒకటి, జులై ఒకటి, జులై ఒకటి. ఒక పొట్టి పిల్ల వచ్చి నెత్తి మీదుగా చెయ్యి వేసింది. వేలికొస తగిలీ తగలనట్టు తగిలిందని ఇందులోనే రాసుకున్నాను. అబద్ధం. దాని చెయ్యి చెవి దాటి లోలాకు పట్టుకుని లాగింది. ఏడేళ్ల పిల్ల అని చూస్తేనే తెలిసింది. అయినా మణి పుట్టినరోజు రాశాను. ఆ పేజీ మొత్తంలో ఆ అక్షరాలే గుండ్రంగా ఉన్నాయి.

తర్వాత ప్రతి ఏడాదీ నాకో పిల్ల పాసవుతూ వచ్చింది. ఒకటి, రెండు, మూడు. ప్రతి ఫిబ్రవరిలో దాన్ని చూసి ఎంత ఎదిగిందో చూసుకునేదాన్ని. దానికి తెలియకుండా, ఎవరికీ తెలియకుండా. నాకు కూడా సగమే తెలిసేది.

పదమూడుని పన్నెండుతో భాగిస్తే నూట ఎనిమిది. పన్నెండు ఇంకా నిండలేదు, నూట పది అనుకుందాం. సీటు లేదు.

6 మార్చి

చెప్పకపోతే ఎవరికీ నష్టం లేదు. పిల్ల బాగా చదువుతుంది, చదివిస్తారు. తేదీదేముంది.

7 మార్చి, ఆదివారం

చెప్పాలి. అబద్ధం మీద పిల్ల జీవితం నిలబెట్టకూడదు. హెడ్మాస్టరుగారికి చెబితే అయిపోతుంది. మహా అయితే సీటు పోతుంది, పైడితల్లి ఇక్కడే ఉంటుంది.

పై వాక్యం మళ్లీ చదువుకున్నాను. పైడితల్లి ఇక్కడే ఉంటుంది. అయిదేళ్లు లేని నిజాయితీ నాకు ఈ వారమే ఎందుకు పుట్టుకొచ్చిందో ఇప్పుడు తెలిసింది. సిగ్గేసింది. చెబితే నా కోసం, మానితే నా కోసం. ఎటు తిరిగినా నేనే అడ్డం.

9 మార్చి

తెల్లవారుతుండగా కల. పాకం పెనం చుట్టూ ఆవిరిలో ఇద్దరు పిల్లలు ఆడుకుంటున్నారు. ఒకరిది గౌను, ఒకరిది పరికిణీ. పిలిస్తే ఇద్దరూ తిరిగారు. పేరు పెట్టి పిలవలేదు నేను, ఉత్తినే "అమ్మా" అన్నాను.

12 మార్చి

చెప్పేశాను. ముందు హెడ్మాస్టరుగారు నవ్వారు.

"ఇదేటమ్మా! నా పుట్టినరోజెప్పుడో తెల్సా మీకు? జులై ఒకటి. మొన్న ఆఫీసరుని అడిగేను, ఆయనదీ జులై ఒకటే. జిల్లా జిల్లాయే జులై ఒకటిన పుట్టింది. ఇప్పుడు మీరొచ్చి తేదీ తప్పంటే ఏటనాలి నేను?"

"మిగిలినవి తెలియక రాసినవండి. ఇది తెలిసి రాసింది."

మణి సంగతి చెప్పాను. పేరు పైకి అని ఎన్నేళ్లయిందో. ఆయన కళ్లజోడు తీసి తుడిచారు, పెట్టుకున్నారు, మళ్లీ తీశారు. "నాకు చెప్పకపోయినా బాగుండేదమ్మా. ఇప్పుడు నేనేటి చెయ్యాలి? సీటు పోద్ది. బడికొచ్చిన పేరు పోద్ది."

బయట సత్యరాజు నిలబడి ఉన్నాడు. సగం విన్నాడు. "మంచి పని చేసేరండి" అన్నాడు. "పిల్ల మనకే ఉంటాది." మంచివాడే, కల్మషం లేదు. కానీ ఆ 'మనకే' అన్న మాట నాకు ముల్లులా గుచ్చుకుంది.

15 మార్చి

పిల్లకి నేనే చెప్పాలని హెడ్మాస్టరుగారిని ఆపాను. బడి వదిలాక కూర్చోబెట్టుకుని చెప్పాను, నీకు పది కాదు, పన్నెండు రాబోతున్నాయని.

"తెల్సండి" అంది.

"ఎప్పటినుంచి?"

"రిజిస్టరు మోసిన రోజు నుంచండి. మా అమ్మ ఎప్పుడూ గురువారం గురువారం అంటాది కదండీ."

"మరి అడగలేదేం?"

"మీరు ఎందుకు తప్పు రాసేరో ఆలోసిస్తన్నానండి. పరదేశి తప్పులు బేగి తెలిసిపోతాయండి. మీది తెలవలేదు."

ఏడుపు వచ్చింది. పిల్ల ముందు ఏడవకూడదనుకుంటూనే ఏడ్చాను. మణి గురించి చెప్పాను, గౌను గురించి కూడా. అది కదలకుండా వింది. తర్వాత నా కొంగు చివర తీసి నా చేతిలో పెట్టింది, తుడుచుకోమని. పెద్దదానిలా ఏమీ అనలేదు. కిటికీలోంచి కాసేపు చూసింది, లెక్క ఇచ్చినప్పుడు చూసేట్టే.

"అయితే టీచరమ్మా, నాకు పెద్ద పుస్తకం ఇవ్వాలి కదండీ?"

"ఏ పుస్తకం?"

"గోధుమరంగుది. నాది చిన్నపిల్లల పుస్తకం అయిపోయింది. ఆ పుస్తకమే పదమూడు దగ్గర ఆగిపోయిందండి, నేను ఆగలేదు. ఇంకోటి ఉందా అని అప్పుడే అడిగేను కదా."

నా తలలోకి ఇది రానేలేదు. హెడ్మాస్టరుగారికీ రాలేదు. అబద్ధం దాన్ని తెలివైనదాన్ని చేసిందనుకున్నాం. నిజానికి ఆ అబద్ధమే దాన్ని పదమూడు దగ్గర కూర్చోబెట్టింది. నీ వయసుకి ఇంతే అన్నది ఆఫీసరు కాదు, నేను.

"పెద్దదాంట్లో రాకపోతే?"

"రాకపోతే రాదండి. నా వయసుతో రాదు."

22 మార్చి

హెడ్మాస్టరుగారు ఆఫీసరుకి ఉత్తరం రాశారు, సోమవారం, గురువారం, సబ్బవరం అన్నీ పెట్టి. మళ్లీ పరీక్ష పెట్టడానికి ఒప్పుకున్నాడు, కానీ ముందు రిజిస్టరు దిద్దాలట. సన్యాసమ్మ వచ్చి వేలిముద్ర వేసింది. అయిదేళ్ల కిందట చెప్పాలనుకున్నదంతా ఈరోజు హెడ్మాస్టరుగారికి పూర్తిగా చెప్పింది. ఆయన మధ్యలో ఆపకుండా విన్నారు.

ఎర్ర సిరాబుడ్డి నా ముందు పెట్టి, "గియ్యండమ్మా" అన్నారు. గీశాను. పైన 9-4-1942 అని రాశాను. ఈసారి అక్షరాలు గుండ్రంగా రాలేదు.

29 మార్చి

గోధుమరంగు అట్ట. గంట పూర్తిగా రాసింది. ఒక్కసారి కూడా కిటికీ వైపు చూడలేదు.

9 ఏప్రిల్

పొయ్యిలు ఆరిపోయాయి. గాలిలో బెల్లం వాసన లేదు, ఊరు నిద్రలేచినట్టుంది. పొద్దున్నే పరమాన్నం వండాను. తల్లీ కూతుళ్లిద్దరినీ పిలిచాను. సన్యాసమ్మ అరుగు మీదే కూర్చుంటానంది, లోపలికి లాక్కొచ్చాను. పైడితల్లి రెండుసార్లు పెట్టించుకుంది. మిగిలింది అప్పలనరసమ్మకి ఇస్తే మళ్లీ అడిగింది, ఏటి విశేషమని. మా పైడితల్లి పుట్టినరోజని చెప్పాను.

తింటుండగానే హెడ్మాస్టరుగారు పంచె ఎగ్గట్టి వచ్చారు. బుద్ధి వయసు పదిహేనున్నర, అసలు వయసు పన్నెండు. నూట ఇరవై తొమ్మిది. అబద్ధం కన్నా ఒకటి తక్కువ, అంతే! ఆయన వెనకే సత్యరాజు కూడా వచ్చాడు. ముఖం చిన్నబోయింది కానీ పిల్ల నెత్తి మీద చెయ్యి వేశాడు. "ఎల్లు. ఎల్లి మళ్లీ మన మడికే రావాలి, తెల్సా?"

"వస్తానండి. ఈలోపు పరదేశికి ఎవరు సెప్తారండి?"

హెడ్మాస్టరుగారు సత్యరాజు వైపు చూశారు, సత్యరాజు నా వైపు చూశాడు. ముగ్గురు పెద్దవాళ్లం మూడు నెలలు వాదించుకున్నది ఆ ప్రశ్న మీదే. నాకు మాత్రం ఇంకో భయం పట్టుకుంది. జూన్ దగ్గరికొచ్చేస్తోంది.

14 జూన్, సోమవారం

నిన్న వెళ్లిపోయింది. హెడ్మాస్టరుగారే బస్సులో తీసుకెళ్లారు. సన్యాసమ్మ ఏడవలేదు, నేనే ఏడ్చాను. బస్సెక్కే ముందు పైడితల్లి ఒక నోటుబుక్కు నా చేతిలో పెట్టి, "ఇంటికెళ్లి సూడండి" అంది.

నలభై రెండు పేర్లు. ఒక్కో పేరు కింద ఆ పిల్ల ఏ తప్పు ఎందుకు చేస్తుందో రెండేసి వాక్యాలు. పరదేశి పెద్దంకెలోంచి చిన్నంకె తీస్తాడు, అప్పంటే వాళ్ల నాన్న తిడతాడని పక్కంకె దగ్గర అప్పు తెచ్చుకోవడం అన్నా భయం. రాజ్యం జవాబు తెలిసినా చెప్పదు, పక్కపిల్ల నవ్వుతుందని. సెలవులన్నీ కూర్చుని రాసినట్టుంది. నలభై మూడో పేరు కూడా ఉంది. "టీచరమ్మగారు: అడగరు. రాసేస్తారు."

ఈరోజు కొత్త పిల్లల చేరిక. వరస గుమ్మం దాటి ఉంది. ఒకామె చిన్నపిల్లని ముందుకు తోసింది. పిల్ల వెంటనే చెయ్యి నెత్తి మీదుగా తిప్పి చెవి పట్టుకుంది, ఇంట్లో నేర్పినట్టున్నారు. నేను కలం కింద పెట్టాను.

"ఎప్పుడు పుట్టిందమ్మా?"

"తారీకులు మాకేటి తెలుస్తాయమ్మా. గాలివాన వచ్చి మా పాక ఎగిరిపోయింది సూడండి..."

"చెప్పు. నాకేం తొందర లేదు."

చెప్పడం మొదలుపెట్టింది. వరసలో వెనకవాళ్లు గొణిగారు. ఈ ఏడాది నా పక్కన పేర్లు రాస్తున్న సత్యరాజు, "జులై ఒకటి ఏసేద్దురూ, భోజనం వేళ దాటిపోతంది" అన్నాడు. విననట్టు కూర్చున్నాను. ఆమె పాక ఎగిరిన సంగతి, ఆవు దూడ పోయిన సంగతి, నడుం లోతు నీళ్లలో మంత్రసాని వచ్చిన సంగతి అన్నీ చెప్పింది. అన్నీ విన్నాక రాశాను.

సాయంత్రం అందరూ వెళ్లాక పాత రిజిస్టరు తీసి చూశాను. ఎర్ర గీత కింద మణి తేదీ ఇంకా చదవడానికి వస్తోంది. గీత సన్నగానే గీశాను.